చూపే ముందు చూడడం నేర్పిన వక్త: హాన్స్ రోస్లింగ్ ప్రసంగం, ఒక మిర్చి ఎగుమతిదారు సన్నాహం

వ్యాపార సదస్సుల్లో మాట్లాడబోయేవారిని సిద్ధం చేయడం నా వృత్తి. ఔషధ కంపెనీల శాస్త్రవేత్తలు, విత్తన వ్యాపారులు, ఐటీ సంస్థల అధిపతులు, ఎగుమతిదారులు నా దగ్గరకు వస్తుంటారు. అందరి కోరికా ఒక్కటే: విన్నవారికి తమ ప్రసంగం గుర్తుండిపోవాలి. అందుకు గంభీరమైన గొంతు, ధారాళమైన ఇంగ్లీషు, మధ్యమధ్యలో ఒక చమత్కారం ఉంటే చాలని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంతో వచ్చినవారికి నేను మొదట చూపించేది స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2006 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని మాంటెరీలో, కొత్త ఆలోచనలు పంచుకునే టెడ్ సదస్సులో చేసిన దాదాపు ఇరవై నిమిషాల ప్రసంగాన్ని. సాంకేతిక రంగానికి చెందిన వ్యాపారులు, పెట్టుబడిదారులు, డిజైనర్లు నిండిన ఆ సభలో ఆయన మాట్లాడిన విషయం పసిపిల్లల మరణాలు, కుటుంబాల పరిమాణం, దేశాల ఆదాయం. ఆ విషయాల కోసం ఆ సభకు ఎవరూ వచ్చి ఉండరు. అయినా సదస్సు ప్రసంగాల గురించి మాట్లాడేవారు ఈనాటికీ దాన్ని తలుచుకుంటూనే ఉన్నారు.

ఆ ప్రసంగాన్ని నేను ఏ భాగానికి ఆ భాగంగా ఎలా విడదీసి చూస్తానో, అందులో పట్టుకున్న పద్ధతిని గుంటూరుకు చెందిన ఒక మిర్చి ఎగుమతిదారు ప్రసంగానికి ఎలా అన్వయించామో ఇక్కడ వివరిస్తాను.

వేదిక ఎక్కకముందు రోస్లింగ్

రోస్లింగ్ 1948లో ఉప్సలాలో పుట్టారు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు, 1972లో, బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో ప్రజారోగ్యం కోర్సుకు అతిథి విద్యార్థిగా వచ్చారు. స్వీడన్‌లో ముందు వరుస విద్యార్థిగా ఉన్న తాను ఇక్కడి విద్యార్థుల ముందు చివరి వరుసలో ఉన్నానని మొదటి ఉదయమే తెలిసిందని, పాశ్చాత్యులే మేటి అన్న తన భావన ఆనాడే కూలిపోయిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. ఆపైన మొజాంబిక్‌లోని నకాలాలో జిల్లా వైద్యాధికారిగా పనిచేశారు. అక్కడ కాళ్లు చచ్చుబడిపోతున్న గ్రామీణుల వ్యాధికి కారణం వెతికారు. చేదు కర్రపెండలంలోని సయనైడును పూర్తిగా తొలగించకుండానే తినవలసి వచ్చిన కరువు పరిస్థితికీ, ఆ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని సహచరులతో కలిసి పరిశోధించారు. అనంతరం కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్‌లో అంతర్జాతీయ ఆరోగ్య శాస్త్ర ఆచార్యులయ్యారు. కొడుకు ఓలా, కోడలు అన్నా కదిలే బుడగల చిత్రాలను తయారుచేసే ట్రెండలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించగా, ముగ్గురూ కలిసి ప్రపంచ గణాంకాలను అందరికీ అర్థమయ్యేలా చూపే గ్యాప్‌మైండర్ సంస్థను స్థాపించారు.

ఈ నేపథ్యాన్ని నేను శిక్షణలో వదిలిపెట్టను. వేదిక మీద ఆయన చూపిన తేలికదనం వెనుక ఇరవై ఏళ్లకు పైబడిన క్షేత్రానుభవం ఉంది. ఆ అనుభవం లేనివారు ఆయన చేతుల కదలికను అనుకరిస్తే మిగిలేది చేతుల కదలిక మాత్రమే.

మొదటి నిమిషాలు: పరీక్ష పెట్టకుండానే పెట్టిన పరీక్ష

ప్రసంగం ఆరంభంలో ఆయన తన విద్యార్థులకు ఇచ్చిన ఒక చిన్న పరీక్షను తెర మీద చూపించారు. అందులో ఐదు జతల దేశాలు ఉన్నాయి: శ్రీలంక-టర్కీ, పోలండ్-దక్షిణ కొరియా, మలేషియా-రష్యా, పాకిస్తాన్-వియత్నాం, థాయిలాండ్-దక్షిణాఫ్రికా. ప్రతి జతలోనూ ఒక దేశంలో పసిపిల్లల మరణాలు రెండో దేశంలో కన్నా రెట్టింపు. ఆ దేశం ఏదో గుర్తించాలి. విద్యార్థులకు సగటున ఐదింటికి 1.8 సరైన జవాబులు వచ్చాయి. రెండు అరటిపళ్ల మీద రెండు దేశాల పేర్లు రాసి చింపాంజీ ముందు పెట్టినా సగం సరిగ్గా వచ్చేవని ఆయన అన్నప్పుడు సభ నవ్వింది. తర్వాత, వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి గ్రహీతలను ఎంపిక చేసే తన సంస్థలోని ఆచార్యులకు కూడా అదే పరీక్ష పెట్టానని, వారు చింపాంజీతో సమానంగా నిలిచారని చెప్పారు.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది కంటికి ఆనదు. ఆ ఐదు జతలను చూపించిన వెంటనే, మీకు ఇక్కడ పరీక్ష పెట్టడం లేదని ఆయన సభకు చెప్పారు. చెప్పేలోపే ప్రతి శ్రోతా మనసులో జవాబు ఎంచుకున్నాడు. జవాబులు తెర మీదికి వచ్చినప్పుడు తన జవాబు తప్పని అతనికి తెలిసింది, కానీ పక్కవాడికి తెలియలేదు. అజ్ఞానం భారాన్ని ఆయన మొదట విద్యార్థుల మీద, ఆపైన తన సాటి ఆచార్యుల మీద ఉంచారే గానీ డబ్బు పెట్టి టికెట్టు కొన్న శ్రోతల మీద మోపలేదు. శ్రోత తన ఊహను పందెంగా ఒడ్డాడు, ఓడిపోయాడు, అయినా పరువు పోలేదు. అలా ఓడిన మనిషి తర్వాతి మాట వినడానికి ఎంత సిద్ధంగా ఉంటాడో నేను ఎన్నో సభల్లో చూశాను. తన సమస్య విద్యార్థులకు తెలియకపోవడం కాదని, ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలని రోస్లింగ్ ఆ వెంటనే అన్న మాటకు బలం అక్కడి నుంచే వచ్చింది.

ఆ తర్వాతి నిమిషం

నా దృష్టిలో ఆ ప్రసంగానికి ఆయువుపట్టు ఇది. బుడగల చిత్రాన్ని కదిలించే ముందు ఆయన దాన్ని చదవడం నేర్పారు. అడ్డ గీత మీద ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య, ఒకటి నుంచి దాదాపు ఎనిమిది వరకు. నిలువు గీత మీద ఆయుర్దాయం, ముప్ఫై ఏళ్ల నుంచి డెబ్బై ఏళ్ల వరకు. ఒక్కో బుడగ ఒక్కో దేశం. బుడగ ఎంత పెద్దదైతే జనాభా అంత ఎక్కువ. ఇది చైనా, ఇది ఇండియా. ఇలా ఒక్కొక్కటీ చేత్తో చూపిస్తూ, సంపన్న దేశాలవి చిన్న కుటుంబాలు, దీర్ఘాయువు అని, పేద దేశాలవి పెద్ద కుటుంబాలు, అల్పాయువు అని 1962 నాటి పరిస్థితిని వివరించి, అప్పటి నుంచి ఏం మారిందో చూద్దామా అని అడిగిన తర్వాతే సంవత్సరాలను కదిలించారు.

మన సదస్సుల్లో గ్రాఫ్ తెర మీద పడిన క్షణంలోనే వక్త ముగింపు చెప్పేస్తాడు. ఏ గీత దేన్ని కొలుస్తోందో శ్రోత వెతుక్కునేలోపు తెర మారిపోతుంది. రోస్లింగ్ ఆ ఒక్క నిమిషాన్ని శ్రోతకు ఇచ్చారు. అందువల్ల బుడగలు కదలడం మొదలయ్యాక ఆయన ఇక దేన్నీ వివరించనవసరం లేకపోయింది. క్రికెట్ వ్యాఖ్యాతలా పరుగెత్తే గొంతుతో అదిగో చైనా, ఇదిగో ఇండోనేషియా, ఎనభైలలో బంగ్లాదేశ్ ఎలా పైకి వస్తోందో చూడండి, తొంభైలలో హెచ్ఐవీ వల్ల ఆఫ్రికా దేశాల ఆయుర్దాయం ఎలా పడిపోతోందో చూడండి అంటూ సాగిపోయారు. ఆ వేగం అంత ఆకట్టుకోవడానికి కారణం దాని ముందున్న నిదానమే. ఆయనను అనుకరించేవారు వేగాన్ని తీసుకుని నిదానాన్ని వదిలేస్తారు.

ఆ పరుగు ముగిసిన వెంటనే అన్ని దేశాలనూ పక్కన పెట్టి రెండింటినే తెర మీద ఉంచారు: అమెరికా, వియత్నాం. 1964లో ఒకటి దీర్ఘాయువు, చిన్న కుటుంబాల కొసన ఉంటే, రెండోది పూర్తిగా అవతలి కొసన ఉంది. ఏళ్లు కదిలాయి. 2003 నాటి వియత్నాంలో ఆయుర్దాయమూ, కుటుంబ పరిమాణమూ యుద్ధం ముగింపు దశలోని 1974 నాటి అమెరికాతో సమానంగా ఉన్నాయని ఆయన చూపించారు. అమెరికన్లతో నిండిన సభలో ఆ రెండు దేశాలనే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. నిందించే మాట ఒక్కటీ లేదు. ఆ రెండు బుడగల ప్రయాణం చూస్తే చాలు. ఏ సభ ముందు ఏ ఉదాహరణ నిలబెట్టాలో తెలియడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన నైపుణ్యమని నేను భావిస్తాను.

చివరి భాగంలో ఆయన అడిగిన కోరిక స్పష్టంగా ఉంది. ప్రజల డబ్బుతో సేకరించిన గణాంకాలు సంస్థల దగ్గర మూలుగుతున్నాయి. వాటిని అందరికీ ఉచితంగా, వెతికి చూసుకోగలిగే రూపంలో తెరవాలి. మరుసటి ఏడాది, 2007లో, గూగుల్ ట్రెండలైజర్‌ను కొనుగోలు చేసింది. 2010లో ప్రపంచ బ్యాంకు తన గణాంకాలను అందరికీ ఉచితంగా తెరిచింది. ఇదంతా ఒక్క ప్రసంగం వల్లే జరిగిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఫలానా పని జరగాలని అడగని ప్రసంగం ఆ పనికి ఏమాత్రం తోడ్పడలేదన్నది కూడా అంతే నిజం.

ఇంగ్లీషు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన తెలుగు వ్యాపారుల్లో చాలామందిని వేదికకు దూరంగా ఉంచేది ఆ భయమే. రోస్లింగ్ ఇంగ్లీషులో స్వీడిష్ యాస చివరిదాకా వినిపిస్తూనే ఉంటుంది, వాక్యాలు అక్కడక్కడా వంకరపోతాయి, పదాలన్నీ బడిపిల్లలకు తెలిసినవే. ఆ యాస ఆయనకు అడ్డు కాలేదు, ఎందుకంటే ప్రతి వాక్యం తెర మీద కనిపిస్తున్న ఒక వస్తువును చూపించేదే. చూపించడానికి వస్తువు ఉన్నప్పుడు చిన్న మాట చాలు.

మిగిలిన ప్రసంగాలు

2009 నవంబరులో మైసూరులోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో జరిగిన టెడ్ ఇండియా సభలో ఆయన బెంగళూరు అనుభవంతో మొదలుపెట్టి, ఇండియా, చైనాల తలసరి ఆదాయం అమెరికాను, బ్రిటన్‌ను ఎప్పుడు అందుకుంటుందో లెక్క కట్టి 2048 జూలై 27 అని తేదీతో సహా చెప్పారు. అది ఆయన నూరవ పుట్టినరోజు. 2010లో ప్రపంచంలో బట్టలు ఉతికే యంత్రం ఉన్నవారెవరు, లేనివారెవరు అన్న ప్రశ్నతో ఇంధన వినియోగం గురించి మాట్లాడారు; ఆ యంత్రం వచ్చాక తల్లి తనను గ్రంథాలయానికి తీసుకెళ్లగలిగిందని చెప్పారు. ఇదే నాకు ఆయన ప్రసంగాలన్నిటిలోకి ఇష్టమైనది. 2007లో టెడ్ వేదిక మీదే చొక్కా విప్పి, 1850 నాటి స్వీడిష్ సైన్యపు బాయ్‌నెట్‌ను గొంతులోకి దించారు. కత్తిని మింగే విద్య ప్రాచీన భారతదేశం నుంచి వచ్చిందని కూడా అప్పుడు చెప్పారు. అసాధ్యంగా కనిపించేది సాధ్యమేనన్నది అక్కడి వాదం కాబట్టి ఆ విన్యాసం దానికి అతికింది. నేను మాత్రం శిక్షణలో ఆ భాగాన్ని చివరన చూపిస్తాను, ఎందుకంటే ముందే చూపిస్తే అందరికీ అదొక్కటే గుర్తుంటుంది.

చెప్పేలోపే శ్రోత తనంతట తానే ఊహించేలా చేయాలన్న సూత్రం పూర్తిగా వేరే రకం సభలోనూ పనిచేసింది. 2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ మూడు కొత్త పరికరాలు తెస్తున్నామని, ఒకటి స్పర్శతో నడిచే ఐపాడ్, రెండోది ఫోను, మూడోది ఇంటర్నెట్ పరికరమని చెప్పి, ఆ మూడు పేర్లనే మళ్లీమళ్లీ అంటూ పోయారు. మూడూ ఒక్కటేనని ఆయన చెప్పేలోపే సభలో కొందరికి అర్థమై కేకలు మొదలయ్యాయి. ఐఫోన్ అన్న పేరు ఆ తర్వాతే వచ్చింది.

గుంటూరు ప్రసంగం

నా దగ్గరకు వచ్చిన ఎగుమతిదారు తండ్రి మొదలుపెట్టిన వ్యాపారాన్ని నడుపుతున్న రెండో తరం మనిషి. హైదరాబాదులో జరిగే సుగంధ ద్రవ్యాల వ్యాపార సదస్సులో ఆయనకు సమయం ఇచ్చారు. సభలో ఉండబోయేవారు తోటి ఎగుమతిదారులు, కమీషన్ వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీ యజమానులు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీల ప్రతినిధులు. విషయం అఫ్లాటాక్సిన్. తేమ సరిగా ఆరని కాయలో పెరిగే బూజు నుంచి పుట్టే ఈ విషపదార్థానికి ఐరోపా సమాఖ్య మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, అఫ్లాటాక్సిన్ రకాలన్నీ కలిపి 10 మైక్రోగ్రాముల పరిమితి విధించింది. కంటైనరు అక్కడి రేవు చేరాక పరీక్షలో తప్పితే నష్టమంతా పంపినవారిదే.

ఆయన తెచ్చిన స్లైడ్లు కంపెనీ చరిత్రతో మొదలై, గోదాముల ఫొటోలు, సర్టిఫికెట్ల మీదుగా ఒక గ్రాఫ్ దగ్గరకు చేరుతున్నాయి. ఆ గ్రాఫ్‌లో రెండు సీజన్ల ల్యాబ్ ఫలితాలు ఆరు రంగుల గీతల్లో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ ఫలితాలు నిజానికి విలువైనవి. ఒకే ఊళ్లో, ఒకే రకం తేజ కాయను వట్టి నేల కల్లం మీద ఆరబోసినప్పుడు, టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసి రాత్రిపూట మంచు పడకుండా కప్పినప్పుడు వచ్చిన తేడాను ఆయన ఓపికగా నమోదు చేయించారు. టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చిలకరించే అలవాటు ఏం చేస్తుందో కూడా అందులో ఉంది. అంత సంపద ఒక్క స్లైడులో, ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది.

మొదట రోస్లింగ్ ప్రసంగాన్ని కలిసి చూశాం. ఎగుమతిదారు తండ్రి కూడా పక్కన కూర్చున్నారు. చూసిన తర్వాత కొడుక్కి ఒక సందేహం వచ్చింది. “ఫలితం ముందే చెప్పేస్తే సరిపోతుంది కదండీ, వాళ్లంతా వ్యాపారం తెలిసినవాళ్లే, అంత చుట్టు తిరగడం దేనికి?” నేను జవాబు చెప్పేలోపే తండ్రి అందుకున్నారు. “యార్డులో బేరానికి కూర్చున్నప్పుడు కాయ చేతిలో పెట్టకుండా ఎప్పుడైనా ధర చెప్పామట్రా?” ఆ ప్రశ్నే ప్రసంగానికి రూపాన్నిచ్చింది.

ప్రతి బల్ల మీదా సీలు వేసిన రెండు పారదర్శక కవర్లు పెట్టాలని నిర్ణయించుకున్నాం. రెండింటిలోనూ తేజ కాయలే. రెంటి మీదా గుర్తు కోసం ఒక్కో అక్షరం. ఒకటి ముదురు ఎరుపుతో మెరుస్తూ, తొడిమలతో నిండుగా ఉంటుంది. రెండోది కాస్త వెలిసినట్టు, ఒకటీ అరా రంగు పోయిన తాలు కాయతో ఉంటుంది. వీటిలో ఏది ల్యాబులో తప్పిందో ఊహించమని అడగాలి. చేతులెత్తించాలని ఆయన అన్నారు, నేను వద్దన్నాను. ముప్ఫై ఏళ్లుగా కాయను చూసి ధర కట్టే వ్యాపారిని అందరి ముందూ తప్పని నిలబెడితే ఆ తర్వాత ఆయన వినడు, వాదిస్తాడు. అందుకే ఎంచుకున్న కవరును చేతిలో పట్టుకుని ఉండమని మాత్రమే అడగాలని ఒప్పుకున్నాం. పరీక్ష పెట్టడం లేదని చెప్పిన రోస్లింగ్ మాట నుంచే ఈ ఏర్పాటు వచ్చింది.

గ్రాఫ్‌ను పూర్తిగా కొత్తగా కట్టాం. మొదట తెర మీద రెండు ఖాళీ గీతలే ఉంటాయి. “కింది గీత రోజులండీ, కాయ కల్లంలో పోసిన రోజు నుంచి లెక్క. నిలువు గీత కాయలో తేమ. ఈ ఎర్రగీత పదకొండు శాతం, మన దేశపు ఆహార భద్రతా ప్రమాణం ఎండు మిర్చికి ఇంతకు మించి తేమ ఉండొద్దంటుంది.” ఈ మూడు వాక్యాలు చెప్పి ఒక్క క్షణం ఆగాలి. తర్వాత పట్టాల మీద ఆరిన కాయ గీత దిగుతుంది, దాని వెంట నేల మీద ఆరిన కాయ గీత. రెండో గీత పగలు దిగుతూ, రాత్రి మంచుకు మళ్లీ కొంచెం లేస్తూ మెట్లుమెట్లుగా సాగుతుంది. టిక్కీల్లో తొక్కే రోజున నీళ్లు చిలకరించగానే నిటారుగా పైకి లేస్తుంది. ఆయన చెప్పవలసిందల్లా ఏ రోజు ఏం జరిగిందన్నదే. మిగిలిన నాలుగు గీతలనూ తీసేశాం. వాటిని వదులుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. అవి ప్రశ్నల సమయానికి పక్కన ఉంచుకుంటామన్న తర్వాతే అంగీకరించారు.

అడిగే కోరికను కూడా ముందే ఖాయం చేశాం. నాణ్యత పెంచుకుందాం అన్న మాట ప్రతి సదస్సులోనూ వినపడుతుంది, ఏమీ జరగదు. అందుకని రెండే పనులు అడిగారు: కొనే ప్రతి వ్యాపారీ గేటు దగ్గర తేమ మీటరు పెట్టాలి, పట్టాల మీద ఆరబెట్టిన సరుకుకు క్వింటాలుకు కొంత ఎక్కువ ధర ముందే ప్రకటించాలి.

సదస్సు రోజున నేను వెనుక వరుసలో కూర్చున్నాను. బల్లల దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది వెలిసిన కాయల కవరు. ల్యాబు నివేదిక తెర మీదికి వచ్చి, తప్పింది మెరుస్తున్న కాయేనని తేలినప్పుడు హాలులో గుసగుసలు లేచాయి. ఒక పెద్ద వ్యాపారి కవరును దీపం వైపు ఎత్తి, తిప్పి తిప్పి చూశారు. గ్రాఫ్ వచ్చేసరికి ఆ గీత ఎందుకు లేస్తోందో వక్త చెప్పకముందే ముందు వరుసలోంచి ఒకరు “నీళ్లు చల్లారు” అన్నారు. ప్రశ్నల సమయం మొత్తం ఒక్క విషయం మీదే నడిచింది: పట్టాల ఖర్చు రైతు భరించాలా, కొనేవారు భరించాలా? ఆ వాదన టీ విరామంలోనూ ఆగలేదు. ఒక ప్రసంగానికి ఇంతకన్నా మంచి ఫలితాన్ని నేను కోరుకోను. ధర విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు, అది ఒక్క సభలో కుదిరేదీ కాదు.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు

శ్రోతల ఊహ నిజంగా తప్పైనప్పుడే ఈ పద్ధతికి అర్థం ఉంటుంది. అందరికీ తెలిసిన జవాబును ప్రశ్నగా మార్చి అడిగితే సభ దాన్ని అవమానంగా తీసుకుంటుంది. త్రైమాసిక ఫలితాలు, కొత్త నియమాల వివరణ, ప్రమాదం జరిగిన తర్వాత ఇచ్చే సంజాయిషీ వంటి సందర్భాల్లో విషయాన్ని మొదటి వాక్యంలోనే చెప్పాలి. అక్కడ ఉత్కంఠ పెంచడం తప్పు. 2015లో దావోస్‌లో రోస్లింగ్ ప్రపంచ నాయకుల ముందు ఇలాంటి ప్రశ్నలే పెట్టినప్పుడు, పేదరికం తగ్గుదల గురించిన ప్రశ్నకు సభలో సగం మందికి పైగా సరిగ్గా జవాబిచ్చారు. జనాభా పెరుగుదల, టీకాల గురించిన ప్రశ్నలకు మాత్రం తడబడ్డారు. ఏ ప్రశ్నకు సభ తప్పు చెబుతుందో ముందే తెలియాలంటే, ఆ సభకు చెందిన కొందరి మీద దాన్ని ప్రయోగించి చూడక తప్పదు. గుంటూరు కవర్లను మేము సదస్సుకు ముందు యార్డులోని కొందరు గుమాస్తాలకు చూపించింది అందుకే.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. రోస్లింగ్ మాట్లాడిన వేదికల మీద ఆయన తెర పక్కనే నిలబడి, చేత్తోనో పొడవాటి కర్రతోనో బుడగను తాకి చూపించగలిగారు. మన హోటళ్లలో, కన్వెన్షన్ హాళ్లలో పోడియం ఒక మూల, తెర ఇంకో మూల, మధ్యలో పూలకుండీలు, ముఖ్య అతిథుల సోఫాలు ఉంటాయి. పోడియానికి బిగించిన మైకు వదిలి వక్త కదలలేడు, వక్త వైపు చూసేవారు గ్రాఫ్ చూడలేరు. హైదరాబాదు సభలో కాలర్ మైకు కోసం, తెర పక్కన రెండడుగుల ఖాళీ చోటు కోసం ముందు రోజు సాయంత్రం దాకా అడగవలసి వచ్చింది. ఆహ్వానపత్రంతో పాటే వేదిక కొలతలు, తెర ఎత్తు, మైకు రకం వక్తకు పంపితే, గ్రాఫ్‌ను ఎక్కడ నిలబడి చూపించాలో అతను ఇంటి దగ్గరే సాధన చేసుకుని వస్తాడు.